ఇత్తడి పలక మీద కాటుక

“ఎక్కడికి మావా?”

“అక్కడికే.”

“అక్కడికే అంటే? పేరు లేదేటి దానికి?”

“సెప్తే నమ్మవు కదే. వొచ్చేక సెప్తాను. తలుపేసుకో, సలి.”

నేను తలుపేసుకున్నాను. మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మంచి మాటలు కావు, చెడ్డవీ కావు. ముందు ఇవే రాయమని మా కోడలికి చెప్పాను. “మావయ్యగారి ఊరు, ఉద్యోగం ముందు రాద్దాం అత్తయ్యా” అంది. అవి ఎవరైనా రాస్తారు. ఈ మాటలు నాకు తప్ప ఎవరికీ తెలీవు.

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు నెంబరు పోల్చుకోవడం వచ్చు. అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. మా ఆయన గురించి ఇక్కడి చర్చివాళ్ళు వాళ్ళ పత్రికలో ఇంగ్లీషులో ఏదో రాసుకున్నారు. అందులో ఆయన్ని ఏ లెక్కలో వేసుకున్నారో నాకు తెలీదు. నా మాట తెలుగులో ఉండాలి.

మా ఆయన విశాఖపట్నంలో నేవీలో పనిచేశాడు. ఆఫీసరు కాదు. డెక్కు కడగడం, తుప్పు గీకడం, ఇత్తడి తోమడం, ఇదీ ఆయన ఉద్యోగం. అందులోంచే కొడుకును డాక్టరు చదివించాడు. కొడుక్కి బెల్‌ఫాస్ట్ ఆసుపత్రిలో పని దొరికింది, కోడలికి ఆడపిల్ల పుట్టింది, మమ్మల్ని రమ్మన్నారు. అప్పటికి ఆ ఊళ్ళో రెండు రకాల చర్చివాళ్ళ మధ్య తుపాకుల గొడవ సద్దుమణిగిన కొత్త. విమానం దిగీ దిగగానే మా వాడు చెప్పిన మొదటి మాట, “నాన్నా, ఎవరు ఏ చర్చి అని అడిగినా నవ్వి ఊరుకో” అని. ఊరు అలాంటిది. ఎవరు ఏ వీధిలో నడుస్తారో, ఏ గుమ్మం ఎక్కుతారో అందరికీ లెక్క ఉంటుంది. నాకు ఆ ఊరు అర్థమైంది. మా పేటా అంతే.

మా ఆయనకు అర్థం కాలేదు. ఇంట్లో కూర్చోలేక రోజూ రేవువైపు నడిచేవాడు. ఒకరోజు వాన వస్తే ఓ పాత చర్చిలోకి దూరాడట. తడిసిన టోపీ కూడా తీయకుండా వంటింట్లోకి వచ్చి చెప్పాడు.

“ఒసే, అక్కడ గోడకి ఓ ఇత్తడి పలకుంది. నేవీవోడి పేరు. ఆఫీసరు కాదు, నాలాటోడే. నల్లాయన. నాకన్నా నలుపట.”

పాతకాలం ఏదో యుద్ధంలో ఓడకు నిప్పంటుకుంటే, అందరూ పడవల్లోకి దూకుతుంటే ఆయన కిందికి దిగి మందుగుండు గదిలోకి నీళ్ళు వదిలాడట. ఓడ నిలిచింది. రాణిగారు పతకం ఇచ్చింది. ఆ తర్వాత ఆయన ఈ రేవులోనే బొగ్గు మోసి బతికి, ఇక్కడే పోయాడు. కూడా పనిచేసినవాళ్ళు పలక పెట్టించారు. ఆయన తాతముత్తాతల్ని ఎక్కడినుంచో పట్టుకొచ్చి ద్వీపాల్లో బానిసల్ని చేశారట. పలక మీద ఉన్న పేరు యజమాని పెట్టిన పేరేనట, అసలు పేరు ఎవరికీ తెలీదట.

“మరి ఆల్ల దేవుడు?” అన్నాను.

“దేవుడేటి?”

“ఆ తాతలకి ఓ దేవుడుంటాడు కదా మావా. పేరు మార్సినోల్లు దేవుణ్ణి వొదిలేసేరా?”

“ఏటో, నీకన్నీ అనుమానాలే” అని టోపీ తీసి బకెట్లో పిండాడు. ఆ రోజునుంచి వదలకుండా అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎందుకు వెళ్తున్నాడో చెప్పడు. ఆ చర్చి రాకపోకలు నాకు నచ్చలేదు.

ఎందుకో చెబుతాను. మా పేటలో ఒకాయన అన్నదమ్ములకు చెప్పకుండా నీళ్ళలో మునిగి, మతం మార్చుకుని, పేరు మార్చుకున్నాడు. బతికున్నన్నాళ్ళూ ఎవరికీ ఇబ్బంది లేదు. పోయినప్పుడు ఒక పక్క అన్నదమ్ములు, ఒక పక్క పాస్టరు. ఎవరి పద్ధతిలో తీసుకెళ్ళాలో తేలక శవాన్ని ఎండలో ఉంచేశారు. ఆయన భార్య ఇటు చూసి అటు చూసి, ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలీక మట్టిలో కూర్చుంది. అది నేను మర్చిపోలేదు.

అలా ఉండగా ఇంట్లో చింతపండు తగ్గడం మొదలైంది. పెట్టెలో పెట్టుకుని మోసుకొచ్చిన చింతపండు అది. నేను చారుకి కూడా చూసి చూసి వాడేదాన్ని. తర్వాత కాటుక భరిణె కనపడలేదు. మనవరాలికని ఆముదం దీపం మీద మసి పట్టి నా చేత్తో చేసిన కాటుక. హెల్త్ విజిటర్ అని ఇళ్ళకు తిరిగే నర్సు వచ్చి పసిపిల్ల కళ్ళకు అది పెట్టడానికి వీల్లేదని చెప్పిపోయాక అలమరలో పడి ఉంది. ముట్టుకునే పని ఎవరికీ లేదు.

ఆ వారంలోనే పక్కవీధి డాక్టరుగారి భార్య వచ్చింది. మన తెనాలి పిల్ల. “అంకుల్‌ని చూశాను ఆంటీ. చర్చి మెట్ల మీద ఎవరో ఆవిడతో కూర్చుని టీ తాగుతున్నారు. భలే నవ్వుకుంటున్నారు” అంది. తను మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం లెక్క కలిసింది. పులుపు ఎవరికి కావాలి? కడుపుతో ఉన్నదానికి. కాటుక ఎవరికి కావాలి? పుట్టబోయేదానికి.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగేశాను. “పులుపెవరికి మావా?”

ముందు ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక అన్నం పొరబోయింది. “ఏటే, ఈ వొయసులో నాకంత సత్తువుందనుకున్నావా? సంతోసమే.”

“నవ్వకు. కాటుకేది?”

“ఉంది. ఇచ్చేస్తాను.”

“ఎవులికిచ్చేవు?”

“ఎవులికీ ఇవ్వలేదు. ఓ పని సెడిపోయింది. బాగు సేసుకుని వొచ్చేక సెప్తాను.”

కోడలు నవ్వు ఆపుకోలేక పిల్లను ఎత్తుకుని పైకి వెళ్ళిపోయింది. చూశావా, నువ్వు ఇప్పుడు కూడా నవ్వుతున్నావు. ఇది కూడా రాయి.

తర్వాత కొన్నాళ్ళకే ఆ పొద్దు వచ్చింది. తలుపు దగ్గర ఆ మాటలు అనుకున్నాం. మధ్యాహ్నం కొడుకు ఫోను చేశాడు. కోడలికి చేశాడు, నాకు కాదు. దాని మొహం చూసి నేనే కుర్చీలో కూర్చున్నాను. చర్చిలోనే గుండె ఆగిపోయిందట. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయిందట. కొడుకు పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చారు.

ఆసుపత్రిలో ఆయన బట్టలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చారు. నేను సంచిలో చెయ్యి పెట్టాను. చొక్కా కాలరు తడి. గుండెల మీద తడి. ఆ రోజు వాన లేదు, మంచు లేదు. పైన వేసుకున్న కోటు పొడిగా ఉంది, లోపలి చొక్కా తడిగా ఉంది.

“ఈ తడేటిరా?” అన్నాను.

“చెమట అయ్యుంటుందమ్మా. హార్ట్ ఎటాక్‌లో పడుతుంది” అన్నాడు మా వాడు. డాక్టరు కాబట్టి డాక్టరు మాట చెప్పాడు. నేను చెమట బట్టలు ఉతకని మనిషినా? ఇవి నీళ్ళు. నెత్తిమీదనుంచి జారిన నీళ్ళు.

మర్నాడు లేచేసరికి ఆ చొక్కా ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. కోడలే ఉతికింది. “మైల బట్టలు ఇంట్లో ఉంచకూడదని మా అమ్మ ఫోన్లో చెప్పింది అత్తయ్యా” అంది. మైల సంగతి నాకు తెలీదా? అంత తొందరేమిటి? ఎవరు చెబితే ఉతికావు? నోటితో అనలేదు, అలా చూశాను. తను అర్థం చేసుకుంది. ఆ రోజునుంచి ఇద్దరం ఒకరికొకరం కాఫీలు ఇచ్చుకున్నాం గానీ కళ్ళలోకి చూసుకోలేదు.

నాకు ఒక్కటే తెలియాలి. ఆయన నెత్తిన నీళ్ళు పోశారా లేదా? పోస్తే ఆయన ఎవరివాడు? నా కొడుకు పెట్టే పిండం ఆయనకు అందుతుందా, లేక ఆయన ఎక్కడో కొత్త పేరుతో నిలబడి ఉన్నాడా?

విశాఖలో మా పంతులుగారికి ఫోన్ కార్డు గీకి కొడుకు నెంబరు కలిపి ఇచ్చాడు. పంతులు గోత్రం అడిగాడు, తిథి అడిగాడు, అక్కడ కాకులు ఉంటాయా అని అడిగాడు. ఈ నీళ్ళ మాట నా నోటిదాకా వచ్చింది. అడిగితే కర్మ చెయ్యడానికి వీల్లేదంటాడేమో. ఫోను కొడుకు చేతికి ఇచ్చేశాను.

దినాలు అయ్యాక ఒక పొద్దున బెల్లు మోగింది. తలుపు తీస్తే పొట్టి తెల్లావిడ. నీలం కోటు, చేతిలో పెద్ద తాళాలగుత్తి. రెండో చేతిలో నా కాటుక భరిణె.

ముందు ఆవిడ కళ్ళు చూశాను. కాటుక లేదు. అసలు కనుబొమలే ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. తర్వాత పొట్ట చూశాను. నాకంటే పెద్దది ఆవిడ, దేవుడి దయవల్ల ఆ భయం అక్కడితో తీరింది.

“ఇది నీ సేతికెలగొచ్చింది?” అన్నాను. కోడలు వచ్చి ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ చాలాసేపు చెప్పింది. చేతులు తిప్పింది, ముక్కు తుడుచుకుంది, ఒకసారి నవ్వింది కూడా.

కోడలు నా వైపు తిరిగి, “చర్చిలో తాళాలు చూసుకునేది ఈవిడేనట అత్తయ్యా. మావయ్యగారు పోయినప్పుడు పక్కనే ఉన్నారట” అంది.

“అంతేనా? ఆవిడ అంతసేపు మాట్టాడితే నువ్వు రెండు ముక్కలు సెప్తావేటి?”

“ఇది ఈ ఊరి ఇంగ్లీషు అత్తయ్యా. నాకే సగం పట్టుబడదు.”

“ఆ సగంలో ఏటుందో మరి.”

నీళ్ళ సంగతి అడగమన్నాను. కోడలు, “ఇంటికొచ్చిన మనిషిని అలా ఎలా అడుగుతాం?” అంది. సరే, అయితే నేనే ఆ చోటికి వస్తాను, అక్కడ అడుగు అన్నాను. ఏడాది తిరక్కుండా నేను గడప దాటి అలాంటి చోటికి వెళ్ళకూడదని కోడలికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం కోట్లు వేసుకున్నాం.

చర్చి లోపల చల్లగా, తడిచాప వాసనగా ఉంది. వెనకవైపు మూలన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆవిడ వాటిని పక్కకు లాగింది. గోడమీద పలక.

అదెలా ఉందని చెప్పను. మా ఇంట్లో పండగపూట తోమిన పూజపళ్ళెంలా నిగనిగలాడుతోంది. చింతపండూ ఉప్పూ పడితే తప్ప ఇత్తడికి ఆ రంగు రాదు. నా చింతపండు ఎక్కడికి పోయిందో చూడగానే తెలిసిపోయింది. కానీ అక్షరాలు మాత్రం అదోలా ఉన్నాయి. ఒక్కో అక్షరం కిందనుంచి నల్లగా కారి, పసిపిల్ల కాటుక పెట్టుకుని ఏడిస్తే చెంపలు ఎలా ఉంటాయో అలా ఉంది.

ఆవిడ చెప్పింది, కోడలు చెప్పింది. ఈసారి కొంచెం ఎక్కువే చెప్పింది. పలక నల్లబడి ఎవరికీ కనపడని స్థితిలో ఉండేదట. నేవీనుంచి ముసలి సైనికులు వచ్చి ఆ నల్లాయనకు దండ వేసే రోజు ఒకటి పెట్టుకున్నారట. నేను తోముతానని మా ఆయన అడిగాడట. తోమాడు. పలక మెరిసింది. కానీ అక్షరాల గాడిలో నింపి ఉన్న నల్లలక్క కూడా చింతపండుతో పాటు ఊడి వచ్చేసింది. పేరు వెలిసిపోయి రెండడుగుల దూరం నుంచి చదవడానికి లేకుండా పోయింది. అసలు పేరు పోగొట్టుకున్న మనిషికి ఉన్న ఆ పేరు కూడా తన చేత్తో చెరిపేశానని మా ఆయన ఆ మెట్ల మీద కూర్చుండిపోయాడట. ఎవరికీ చెప్పకు, నేను బాగు చేస్తానని ఆవిడను బతిమాలాడట. అప్పుడు కాటుక తెచ్చాడు. అగ్గిపుల్లతో ఒక్కో అక్షరంలో నింపాడు. ఆముదంతో చేసిన కాటుక ఆరుతుందా? పలక పక్కనే హీటరు. అది వేసినప్పుడల్లా కారింది. తుడవడం, మళ్ళీ నింపడం. నన్నడిగితే చెప్పేదాన్ని. అడిగితే చింతపండు సంగతి బయటపడుతుంది.

ఆవిడ పలక కింది మూలన ఒక నల్లచుక్క చూపించింది. అది అక్షరం కాదు, కారిన మరకా కాదు. గుండ్రంగా వేలితో పెట్టిన చుక్క. ఇదేమిటో తెలీక తుడుద్దామనుకున్నానని, పోయినవాడి చేతిగుర్తు కదాని వదిలేశానని అందట.

నేను చూశాను. కోడలు చూసింది. ఇద్దరికీ తెలిసింది. అంత మెరిసే పలకను పదిమందీ చూస్తే కళ్ళు పడతాయని ఆ ముసలాడు దిష్టిచుక్క పెట్టాడు. నల్లాయనకు పెట్టాడు.

“ఏమిటని చెప్పను అత్తయ్యా?” అంది కోడలు.

“మాదని సెప్పు.”

అప్పుడిక అడిగేశాను. ఆ రోజు నీళ్ళు ఎవరు పోశారు, ఏ నీళ్ళు, పోసినప్పుడు ఏం చదివారు. కోడలు అడుగుతుంటే నేను కోడలి పెదాలు చూడలేదు, ఆవిడ మొహం చూశాను. ఆవిడ మొహం ఎర్రబడింది. తలుపు దగ్గరున్న రాతితొట్టివైపు చూసింది. పిల్లలకు నీళ్ళు పోసి పేరు పెట్టే తొట్టి అది.

“సెప్పు” అన్నాను కోడలితో. “దాచకుండా సెప్పు.”

మర్నాడు ఎవరో పసిబిడ్డకు పేరు పెట్టాలని ఆవిడే తొట్టి నింపి ఉంచిందట. మా ఆయన ఒళ్ళంతా చెమటపట్టి కుర్చీలోంచి జారుతుంటే, దగ్గరలో ఉన్న నీళ్ళు అవేనట. చేతిగుడ్డ అందులో ముంచి నుదురు తుడిచిందట, మెడ తుడిచిందట, పిండి నెత్తిన వేసిందట. మంత్రం ఏమీ లేదట. పాస్టరు వచ్చి మంత్రం చదివేది మర్నాడట, అప్పటిదాకా అవి ఉత్త కుళాయి నీళ్ళేనట.

“నోటితో ఏటందో అడుగు.”

“ఏం కాదు నాయనా, ఏం కాదు, అందట అత్తయ్యా.”

“అంతేనా?”

“అంతేనట.”

నేను నమ్మినట్టు లేనని ఆవిడకు అర్థమైనట్టుంది. కోడలితో మాట్లాడడం ఆపేసి నా చెయ్యి పట్టుకుంది. వెనక గదిలోకి తీసుకెళ్ళింది. కుళాయి, దాని కింద నీలం బకెట్టు. కుళాయి తిప్పి బకెట్టు పట్టి చూపించింది. బకెట్టుతో తొట్టి దాకా నడిచి, ఒంపినట్టు చేసి చూపించింది. మళ్ళీ వెనక్కి వచ్చి గ్లాసుతో పట్టి నా చేతికిచ్చింది. నేను దోసిట్లో పోసుకుని వాసన చూశాను. మా వంటింటి కుళాయి వాసనే. మందు వాసన.

మా ఇళ్ళలోనూ అంతే కదా. పంతులు వచ్చి మంత్రం చదివేదాకా కలశంలో ఉన్నది బిందెలోని నీళ్ళే. అప్పటిదాకా పిల్లలకు దాహమేస్తే అందులోంచే ముంచి ఇస్తాం. నేను ఆ చోట ఉన్నా ఆ తొట్టిలోనే ముంచేదాన్ని. ఇంకెక్కడికని పరిగెత్తను?

అలా అని తిన్నగా నిద్రపట్టిందని కాదు. దండ వేసే రోజు వచ్చింది. నన్ను రమ్మన్నారు. వెళ్ళాను, తలుపు దగ్గర కూర్చున్నాను, వాళ్ళు లేచినప్పుడు లేవలేదు. ముసలి సైనికులు పతకాలు పెట్టుకుని వరసగా వచ్చి పలకను తాకి వెళ్ళారు. తాకిన ప్రతివాడి తెల్ల చేతితొడుక్కీ నా కాటుక అంటింది. ఒకాయన చూసుకుని పక్కాయన కోటుకు తుడిచాడు. అందరూ మర్యాదగా ఉన్నారు, ఎవరూ ఏమీ అనలేదు. పాస్టరు ముందు నల్లాయన పేరు చదివాడు. తర్వాత మా ఆయన పేరు చదివాడు. నేను ఒక్కో ముక్కా పట్టి విన్నాను. నోరు తిరగలేదు గానీ ఇంటిపేరుతో సహా ఆయన పేరే. వాళ్ళ పేరు ఏదీ ముందు తగిలించలేదు.

పత్రికలో మాత్రం ఏమని రాశారని కోడలిని అడిగాను. “స్నేహితుడు అని రాశారు అత్తయ్యా” అంది. తెనాలి పిల్లను కూడా పిలిచి అడిగాను. తనూ స్నేహితుడనే అంది. కానీ వీళ్ళిద్దరూ ఒకరి వంటింట్లో ఒకరు ఉంటారు.

సంవత్సరీకం దగ్గరకొస్తోంది. ఈసారి పంతులుగారి దగ్గర నోరు మూసుకోను. ఈ కాగితం మొత్తం ఫోన్లో చదివి వినిపిస్తాం. తొట్టీ వింటాడు, కుళాయీ వింటాడు, దిష్టిచుక్కా వింటాడు. పులుపు మాట విని నవ్వితే నవ్వనీ. అన్నీ విన్నాక ఆయన ఏమంటే అది. ఏమీ దాచకుండా అడిగితేనే ఆ పిండం మీద నాకు నమ్మకం ఉంటుంది.

ఇందాక తొట్టి దగ్గరకు వచ్చేసరికి నీ పెన్ను ఆగింది అమ్మాయ్. నేను చూశాను. “కుళాయి నీళ్ళు అని రాస్తే సరిపోదా అత్తయ్యా, పంతులుగారు ఊరికే కంగారుపడతారు” అన్నావు. నీ మంచితనం నాకు తెలుసు. ఆ చొక్కా ఉతికిన మంచితనమూ ఇదేనేమో. కానీ నాకు మంచి వద్దు, నేను చెప్పింది చెప్పినట్టు కావాలి. రాసింది నేను చదవలేను కదా. తొట్టి అని రాశావా, కుళాయి అని రాశావా? పెన్ను కింద పెట్టు. మొదటినుంచి చదివి వినిపించు.